ప్రాసెసర్ స్పీడు కొలవాలంటే టర్బోస్టాటే: లైనక్స్, విండోస్ టూల్స్ రివ్యూ

లైనక్స్‌లో ప్రాసెసర్ ఫ్రీక్వెన్సీ ఎలా మారుతోందో చూడటానికి ఒక్క టూలే పెట్టుకోవాలంటే టర్బోస్టాట్ పెట్టుకోండి. ఒక ప్రోగ్రామ్ నడిచినంతసేపు సగటున ఎంత స్పీడు దొరికిందో తెలియాలంటే పెర్ఫ్ స్టాట్ వాడండి. విండోస్ పెర్ఫార్మెన్స్ మానిటర్‌లో ఫ్రీక్వెన్సీకి సంబంధించి మూడు కౌంటర్లు కనిపిస్తాయి కానీ కొలతకు పనికొచ్చేది ఒక్కటే. ఇవన్నీ ఓఎస్‌తోనో కెర్నల్‌తోనో ఉచితంగా వచ్చేవే కాబట్టి ధర గొడవ లేదు. ఏ టూల్ చూపే అంకెను ఎంతవరకు నమ్మాలి, ఎక్కడ నమ్మకూడదు అన్నదే ఈ రివ్యూ.

అంకె ఎక్కడి నుంచి వస్తోంది

ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో ప్రతి లాజికల్ సీపీయూకీ ఏపెర్ఫ్, ఎంపెర్ఫ్ అని రెండు కౌంటర్లు ఉంటాయి. సీపీయూ పనిలో ఉన్నప్పుడే, అంటే సీ0 స్టేట్‌లో ఉన్నప్పుడే ఇవి తిరుగుతాయి. ఖాళీగా పడుకుంటే ఆగిపోతాయి. ఎంపెర్ఫ్ ఎప్పుడూ ఒకే రేటులో పెరుగుతుంది. ఏపెర్ఫ్ మాత్రం ఆ క్షణంలో సీపీయూ నిజంగా నడుస్తున్న ఫ్రీక్వెన్సీతో పెరుగుతుంది. మూడోది టీఎస్‌సీ (టైమ్ స్టాంప్ కౌంటర్). సీపీయూ పని చేస్తున్నా పడుకున్నా అది ఆగదు.

ఈ మూడింటితో లెక్క ఇలా సాగుతుంది. టీఎస్‌సీ 2000 మెగాహెర్ట్జ్, ఎంపెర్ఫ్ రేటు కూడా అంతే అనుకోండి, 5 సెకన్లు కొలిచాం. టీఎస్‌సీ 1000 కోట్లు పెరుగుతుంది. ఆ టైములో ఎంపెర్ఫ్ 100 కోట్లు పెరిగితే సీపీయూ 10 శాతం టైమే పనిలో ఉందన్నమాట. ఏపెర్ఫ్ 180 కోట్లు పెరిగిందనుకుంటే, 180ని 100తో భాగించి 2000తో గుణించండి. పని చేసిన ఆ కాసేపూ 3600 మెగాహెర్ట్జ్‌లో నడిచిందని తేలుతుంది. అదే 180 కోట్లను మొత్తం 5 సెకన్లకు పంచితే సెకనుకు 36 కోట్లు, అంటే 360 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఒకే కొలత నుంచి 3600, 360 రెండూ వచ్చాయి, రెండూ సరైనవే. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే బస్సు సగటు వేగంలో టీ కోసం ఆపిన టైము కూడా కలిసినట్టు, 360లో పడుకున్న టైము కలిసిపోయింది.

ఇలా సైకిల్స్ లెక్కపెట్టి చెప్పే టూల్స్ ఒక రకం. ఓఎస్ ప్రాసెసర్‌ను ఎంత స్పీడు అడిగిందో చెప్పేవి ఇంకో రకం. స్కైలేక్‌తో (2015) వచ్చిన స్పీడ్ షిఫ్ట్, అంటే హెచ్‌డబ్ల్యూపీ ఉన్న ప్రాసెసర్లలో ఫ్రీక్వెన్సీని చాలావరకు హార్డ్‌వేరే ఎంచుకుంటుంది. ఓఎస్ హద్దులు, ఇష్టాలు చెప్పి పక్కకు తప్పుకుంటుంది. అక్కడ అడిగిన అంకె చూసి నడిచిన స్పీడు తేల్చలేం.

టర్బోస్టాట్

ఇది లైనక్స్ కెర్నల్ సోర్సులోనే ఉంటుంది, టూల్స్/పవర్/ఎక్స్86/టర్బోస్టాట్ ఫోల్డర్‌లో. ఫెడోరాలో కెర్నల్-టూల్స్ ప్యాకేజీతో, డెబియన్‌లో లైనక్స్-సీపీయూపవర్‌తో వస్తుంది. ఉబుంటులో లైనక్స్-టూల్స్-కామన్ ఒక్కటే వేస్తే సరిపోదు. అందులో ఉండేది చిన్న రేపర్ స్క్రిప్టు. నడుస్తున్న కెర్నల్ వెర్షన్‌కు సరిపడే లైనక్స్-టూల్స్ ప్యాకేజీ కూడా వేయకపోతే, ఈ కెర్నల్‌కు టర్బోస్టాట్ దొరకలేదని వార్నింగ్ ఇచ్చి ఆగిపోతుంది. కెర్నల్ అప్‌డేట్ అయిన మర్నాడు చాలామందికి తగిలేది ఇదే. ముందు మోడ్‌ప్రోబ్‌తో ఎంఎస్ఆర్ మాడ్యూల్ (ఈ కౌంటర్లు చదవనిచ్చే డ్రైవర్) లోడ్ చేసి, సుడోతో నడపండి.

మొదటిసారి ఏ ఆప్షనూ లేకుండా నడపండి. పైన పెద్ద హెడర్ వస్తుంది. అందులో బేస్ ఫ్రీక్వెన్సీ, ఎన్ని కోర్లు పనిలో ఉంటే ఎంత టర్బో (బేస్‌ను మించే స్పీడు), పవర్ లిమిట్లు అన్నీ ఉంటాయి. ఆ హెడర్‌ను ఒక ఫైల్లో దాచుకుంటే తర్వాత పనికొస్తుంది. రెండోసారి నుంచి క్వైట్ ఆప్షన్‌తో హెడర్ ఆపేసి, ఇంటర్వెల్‌ను డిఫాల్ట్ 5 సెకన్ల నుంచి 1 సెకనుకు దించి, షో ఆప్షన్‌తో కావాల్సిన కాలమ్స్ మాత్రమే పెట్టుకోండి: కోర్, సీపీయూ, యావరేజ్ మెగాహెర్ట్జ్, బిజీ శాతం, బిజీ మెగాహెర్ట్జ్, టీఎస్‌సీ మెగాహెర్ట్జ్, కోర్ టెంపరేచర్, ప్యాకేజ్ వాట్స్. అన్ని కాలమ్స్ వదిలేస్తే సి-స్టేట్ల (నిద్ర స్థాయిల) వరుసతో టెర్మినల్ వెడల్పు చాలక లైన్లు మడతపడి ఏదీ అర్థం కాదు.

పైన లెక్కలో వచ్చిన 360 యావరేజ్ మెగాహెర్ట్జ్ కాలమ్‌లో, 3600 బిజీ మెగాహెర్ట్జ్ కాలమ్‌లో కనిపిస్తాయి. ఫ్రీక్వెన్సీ అంటే చూడాల్సింది రెండోదే. కానీ పక్కనున్న బిజీ శాతం చూడకుండా దాన్నీ నమ్మొద్దు. బిజీ 0.3 శాతం ఉన్న సీపీయూ 900 చూపించినా 4000 చూపించినా దానికి విలువ లేదు. ఎప్పుడో లేచి ఒక ఇంటరప్ట్ చూసుకుని పడుకున్న సీపీయూ అది. టీఎస్‌సీ కాలమ్ ఎందుకంటే, అది ప్రతి లైనులో ఒకేలా ఉండాలి. ఒక లైనులో తేడాగా వస్తే ఆ శాంపిల్ తీసుకునేటప్పుడే ఏదో అడ్డం పడిందని, ఆ లైను వదిలేయండి. కొన్ని ల్యాప్‌టాప్ చిప్‌లలో టీఎస్‌సీ డబ్బా మీద రాసిన బేస్ స్పీడుకంటే కాస్త ఎక్కువ ఉంటుంది. కంగారు పడక్కర్లేదు, స్థిరంగా ఉంటే చాలు.

టర్బోస్టాట్ కొలిచేటప్పుడు ప్రతి సీపీయూ మీదికీ వెళ్లి కౌంటర్లు చదువుతుంది. ఇంటర్వెల్ 0.1 సెకనుకు దించితే పడుకున్న కోర్లను సెకనుకు పదిసార్లు లేపుతున్నది మనమే అవుతాం. ఖాళీ మెషిన్ ఎంత పవర్ తింటోందో చూస్తున్నప్పుడు 5 సెకన్లకు తగ్గించకండి. లోడ్ కింద చూసేటప్పుడు 1 సెకను బాగుంటుంది. టర్బోస్టాట్ పక్కన మీ ప్రోగ్రామ్ పేరు రాస్తే దాన్ని తనే నడిపి, అది ముగిశాక మొత్తం కాలానికి ఒకే లెక్క ఇస్తుంది. ఫైల్లోకి రాయించడానికి అవుట్ ఆప్షన్ ఉంది. మామూలు పైపుతో పట్టుకుందామంటే ఈ పద్ధతిలో లెక్కలు స్టాండర్డ్ ఎర్రర్‌కి పోతాయి, ఫైలు ఖాళీగా మిగులుతుంది.

లోపం ఒకటి పెద్దదే ఉంది. కొత్త ప్రాసెసర్ మీద పాత టర్బోస్టాట్ నడిపితే ఆ మోడల్ దానికి తెలియక కొన్ని కాలమ్స్ మాయమవుతాయి, పవర్ లెక్కలు ముఖ్యంగా. కొత్త కెర్నల్ సోర్స్ తెచ్చి ఆ ఫోల్డర్‌లో మేక్ కొడితే తయారవుతుంది, లిబ్‌క్యాప్ డెవలప్‌మెంట్ ప్యాకేజీ ముందే ఉండాలి. దీనికోసం కెర్నల్ మార్చనక్కర్లేదు.

స్పీడు పడిపోతే కారణం పట్టుకోవడం

ఈ టూల్ విలువ ఇక్కడ తెలుస్తుంది. ఫ్రీక్వెన్సీ పడిపోయిందని చెప్పేవి చాలా ఉన్నాయి. ఎందుకు పడిందో ఊహించే వీలు ఇచ్చేది, వాట్లు, డిగ్రీలు అదే లైనులో చూపించే ఈ టూలే.

పరీక్ష ఇలా పెట్టండి. స్ట్రెస్-ఎన్‌జీతో (కావాలని లోడ్ పెట్టే టూల్) మొదట ఒక్క సీపీయూ మీద ఒక నిమిషం లోడ్ వేయండి, టాస్క్‌సెట్‌తో దాన్ని ఒక సీపీయూకు కట్టేస్తే చదవడం తేలిక. తర్వాత అన్ని సీపీయూల మీదా 5 నిమిషాలు వేయండి. లోడ్ రకం రాసుకోండి. స్ట్రెస్-ఎన్‌జీలో మ్యాట్రిక్స్‌ప్రాడ్ పద్ధతి, ఇంకో తేలిక పద్ధతి ఒకే ఫ్రీక్వెన్సీ ఇవ్వకపోవచ్చు, ఎందుకంటే పవర్ లిమిట్ తగిలిన చోట బరువైన ఇన్‌స్ట్రక్షన్లకు తక్కువ స్పీడే మిగులుతుంది. గది టెంపరేచర్ కూడా రాసుకోండి. మే నెలలో ఏసీ లేని గదిలో తీసిన రీడింగును డిసెంబరు రీడింగుతో పోల్చి ల్యాప్‌టాప్ పాడైందని తేల్చేస్తే ఎలా?

మొదటి అర నిమిషం బిజీ మెగాహెర్ట్జ్ ఎక్కువగా ఉండి, తర్వాత ఒక్కసారిగా మెట్టు దిగి, ప్యాకేజ్ వాట్స్ ఒక గుండ్రటి అంకె దగ్గర, 15 దగ్గరో 28 దగ్గరో అతుక్కుపోతే అది పవర్ లిమిట్. ఇంటెల్ చిప్‌లకు కాసేపు ఎక్కువ వాట్లు తినే వీలు (పీఎల్2), ఆ తర్వాత సగటున తినాల్సిన హద్దు (పీఎల్1) వేర్వేరుగా ఉంటాయి. ఆ కాసేపు అన్నది చాలా ల్యాప్‌టాప్‌లలో 28 సెకన్లు. ఇది చెడిపోవడం కాదు, తయారుచేసినవాళ్లు పెట్టిన సెట్టింగే. /సిస్/క్లాస్/పవర్‌క్యాప్ కింద ఇంటెల్-ర్యాపల్:0 ఫోల్డర్‌లో కన్‌స్ట్రెయింట్_0_పవర్_లిమిట్_యూడబ్ల్యూ ఫైలు చూడండి. అంకె మైక్రోవాట్లలో ఉంటుంది, 15000000 అంటే 15 వాట్లు. అక్కడ ఎక్కువ కనిపిస్తున్నా వాట్లు అంతకంటే కిందే ఆగిపోతుంటే, పక్కన ఇంటెల్-ర్యాపల్-ఎంఎంఐఓ పేరుతో ఇంకో ఫోల్డర్ ఉందేమో చూడండి. రెండింట్లో తక్కువదే అమలవుతుంది.

వాట్లు ఒకచోట నిలవకుండా మెల్లగా జారుతూ, టెంపరేచర్ మాత్రం 95 నుంచి 100 డిగ్రీల మధ్య గోడకు ఆనుకున్నట్టు ఉంటే అది వేడి. సీపీయూ0 కింద థర్మల్_థ్రాటిల్ ఫోల్డర్‌లో కోర్_థ్రాటిల్_కౌంట్ పరీక్షకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చదవండి. పెరిగితే అనుమానం తీరినట్టే. దుమ్ము దులపాలి, థర్మల్ పేస్టు మార్చాలి.

మూడో రకం చిత్రంగా ఉంటుంది. టెంపరేచర్ 50, వాట్లు 5, బిజీ 100 శాతం, అయినా స్పీడు 400 నుంచి 800 మధ్య ఇరుక్కుపోయి ఉంటుంది. కారణం వేడీ కాదు, పవర్ లిమిటూ కాదు. బయటి నుంచి ప్రాక్‌హాట్ (స్పీడు వెంటనే తగ్గించమనే) సిగ్నల్ వస్తోందేమో అనుమానించండి. ల్యాప్‌టాప్ గుర్తించని ఛార్జర్ పెట్టినా, ఛార్జర్ పిన్ను అరిగినా, బ్యాటరీ చెడినా బోర్డు ఇలా బ్రేకు వేస్తుంది. ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. అదీ కాకపోతే స్కేలింగ్_మ్యాక్స్_ఫ్రీక్‌లో ఎవరో హద్దు పెట్టి మర్చిపోయారేమో, ఇంటెల్_పీస్టేట్ కింద నో_టర్బో 1 అయి ఉందేమో చూడండి. నో_టర్బో 1 ఉంటే స్పీడు బేస్ దగ్గర ఆగుతుందే తప్ప 800కి పడదు.

పెర్ఫ్ స్టాట్

ఒక ప్రోగ్రామ్‌కు దొరికిన స్పీడు కొలవడంలో దీన్ని మించింది లేదు. పెర్ఫ్ స్టాట్ తర్వాత ప్రోగ్రామ్ పేరు రాస్తే చాలు. సైకిల్స్ లైను పక్కన గిగాహెర్ట్జ్ అని వచ్చే అంకె, సైకిల్స్‌ను టాస్క్-క్లాక్‌తో భాగించగా వచ్చింది. ప్రోగ్రామ్ సీపీయూ మీద ఉన్న టైమే లెక్కలోకి వస్తుంది కాబట్టి నిద్ర గొడవ లేదు.

కానీ ఈ అంకె రెండు చోట్ల మోసం చేస్తుంది. పెర్ఫ్_ఈవెంట్_పారనాయిడ్ (పెర్ఫ్ అనుమతుల సెట్టింగు) విలువ 2 ఉన్న మెషిన్‌లో మామూలు యూజర్‌గా నడిపితే పెర్ఫ్ చప్పుడు చేయకుండా యూజర్ మోడ్ సైకిల్స్ మాత్రమే లెక్కపెడుతుంది. సైకిల్స్ పేరు చివర కోలన్ యూ చేరడమే ఆనవాలు. టాస్క్-క్లాక్‌లో మాత్రం కెర్నల్‌లో గడిపిన టైము కూడా ఉంటుంది. సగం టైము సిస్టమ్ కాల్స్‌లో గడిపే ప్రోగ్రామ్ 3.6లో నడిచినా 1.8 అని కనిపిస్తుంది. డిస్కు కాపీలు, నెట్‌వర్క్ పనులు కొలిచి ప్రాసెసర్ స్లో అయిందని గోల పెట్టేముందు సుడోతో మరోసారి నడపండి.

రెండోది మొత్తం సిస్టమ్ కొలిచే ఎ ఆప్షన్. అప్పుడు భాగించేది అన్ని సీపీయూల మొత్తం టైముతో. 8 లాజికల్ సీపీయూల్లో ఒక్కటే 3.6లో పూర్తిగా పనిచేస్తే 0.45 గిగాహెర్ట్జ్ అని వస్తుంది. దీని బదులు ఎంఎస్ఆర్ గుంపులోని ఏపెర్ఫ్, ఎంపెర్ఫ్, టీఎస్‌సీ ఈవెంట్లు అడిగి, క్యాపిటల్ సీ ఆప్షన్‌తో ఒక్క సీపీయూకు పరిమితం చేసి, పైన చెప్పిన భాగహారం మీరే చేసుకోండి. ఏఎండీలోనూ పనిచేస్తుంది. క్యాపిటల్ ఐ ఆప్షన్‌తో 100 మిల్లీసెకన్లకు ఒక లైను రాబట్టొచ్చు. టర్బో ఎక్కడం, దిగడం చూడాలంటే ఇదే దారి. అంతకంటే దించితే కొలిచే ఖర్చే కొలతలో కలవడం మొదలవుతుంది. 12వ తరం నుంచి పీ (వేగపు) కోర్లు, ఈ (పొదుపు) కోర్లు కలిసి ఉన్న ఇంటెల్ చిప్‌లలో సైకిల్స్ రెండు లైన్లుగా వస్తాయి, సీపీయూ_కోర్, సీపీయూ_ఆటమ్ పేర్లతో. ప్రోగ్రామ్ మధ్యలో అటూ ఇటూ దూకితే రెండు లైన్లూ తప్పుదారి పట్టిస్తాయి, ముందే టాస్క్‌సెట్‌తో కట్టేయండి.

పవర్ గుంపులో సీపీయూ_ఫ్రీక్వెన్సీ అనే ట్రేస్ ఈవెంట్ ఉంది, దాన్ని పెర్ఫ్ రికార్డ్‌తో పట్టమని పాత ట్యుటోరియల్స్ చెబుతాయి. ఏసీపీఐ-సీపీయూఫ్రీక్ డ్రైవర్ ఉన్న పాత మెషిన్‌లో మంచి టైమ్‌లైన్ వస్తుంది. హెచ్‌డబ్ల్యూపీ ఉన్నచోట దాదాపు ఖాళీగా వస్తుంది, కెర్నల్ మార్చడమే లేదు కదా.

/ప్రాక్/సీపీయూఇన్ఫో, సీపీయూపవర్

వాచ్ కమాండ్‌తో సీపీయూఇన్ఫోలో మెగాహెర్ట్జ్ లైన్లు చూస్తూ కూర్చోవడం అందరికీ అలవాటే. ఎక్స్86లో 5.19 నుంచి కెర్నల్ ఇక్కడ షెడ్యూలర్ టిక్ దగ్గర తీసిన ఏపెర్ఫ్, ఎంపెర్ఫ్ శాంపిల్‌నే చూపుతుంది, కాబట్టి బాగా లోడ్ ఉన్న సీపీయూ అంకె నమ్మదగిందే. శాంపిల్ 20 మిల్లీసెకన్లు దాటి పాతదైతే మాత్రం సీపీయూఫ్రీక్ (కెర్నల్‌లో ఫ్రీక్వెన్సీ చూసుకునే భాగం) చెప్పిన విలువకో బేస్ విలువకో పోతుంది. ఖాళీ సీపీయూలన్నీ ఒకే చక్కటి అంకె చూపించడం వెనక సంగతి ఇదే. ఇంతకుముందు వెర్షన్లలో పద్ధతి మళ్లీ మళ్లీ మారింది, రెండు వేర్వేరు కెర్నళ్ల మధ్య ఈ అంకెను పోల్చకండి.

సీపీయూపవర్ ఫ్రీక్వెన్సీ-ఇన్ఫో సెట్టింగులు చూడటానికి బాగుంటుంది: ఏ డ్రైవర్, ఏ గవర్నర్ (స్పీడు పెంచే, తగ్గించే విధానం), హద్దులెంత. ఇంటెల్_పీస్టేట్ యాక్టివ్‌గా ఉంటే పెర్ఫార్మెన్స్, పవర్‌సేవ్ రెండే గవర్నర్లు కనిపిస్తాయి. ఆ పవర్‌సేవ్ అంటే అట్టడుగు స్పీడులో కట్టేయడం కాదు, పాత ఆన్‌డిమాండ్‌లాగే లోడ్‌ను బట్టి పెంచుతుంది. పేరు చూసి భయపడి మార్చేవాళ్లు ఎక్కువ.

విండోస్‌లో

పెర్ఫార్మెన్స్ మానిటర్ తెరిచి ప్రాసెసర్ ఇన్ఫర్మేషన్ గుంపులోకి వెళ్లండి. ప్రాసెసర్ ఫ్రీక్వెన్సీ అనే కౌంటర్ చాలా మెషిన్లలో బేస్ అంకెనే చూపిస్తూ కదలదు. పర్సెంట్ ఆఫ్ మాగ్జిమమ్ ఫ్రీక్వెన్సీదీ అదే వరస. పట్టుకోవాల్సింది పర్సెంట్ ప్రాసెసర్ పెర్ఫార్మెన్స్. ఇది పనిలో ఉన్నప్పటి స్పీడును బేస్‌లో శాతంగా చెబుతుంది, అంటే లైనక్స్ బిజీ మెగాహెర్ట్జ్‌కు అన్నలాంటిది. బేస్ 1800 ఉండి ఇది 200 చూపిస్తే 3600. గ్రాఫ్‌లో మాత్రం ఒక తిరకాసు ఉంది: నిలువు స్కేలు 100 దగ్గర ఆగి ఉంటుంది, కాబట్టి టర్బో మొత్తం పైగీతకు అతుక్కుని సరళరేఖలా కనిపిస్తుంది. ప్రాపర్టీస్‌లో గ్రాఫ్ ట్యాబ్‌కు వెళ్లి మాగ్జిమమ్ 300 చేయండి. టాస్క్ మేనేజర్ స్పీడు అంకె ఒక చూపుకు సరిపోతుంది కానీ లాగ్ ఇవ్వదు. లాగ్ కావాలంటే టైప్‌పెర్ఫ్ కమాండ్‌కు ఇదే కౌంటర్ ఇచ్చి, ఎస్ఐ 1, ఎస్‌సీ 300 ఆప్షన్లు పెడితే సెకనుకొకటి చొప్పున 5 నిమిషాల సీఎస్‌వీ వస్తుంది. డబ్ల్యూఎంఐలోని (స్క్రిప్టులకు విండోస్ సమాచారం ఇచ్చే భాగం) కరెంట్‌క్లాక్‌స్పీడ్‌తో స్క్రిప్టులు రాసేవాళ్లు అది చాలాచోట్ల స్థిరమైన అంకె అని గమనించాలి.

కారణం వెతకడంలో విండోస్ బీదది. టెంపరేచర్, వాట్లు ఇందులో పక్కపక్కన దొరకవు. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-ప్రాసెసర్-పవర్ సోర్స్ నుంచి 37వ నంబరు ఈవెంట్లు ఉన్నాయా చూడండి. ప్రాసెసర్ స్పీడును ఫర్మ్‌వేర్ కట్టడి చేస్తోందని అర్థం, పైన చెప్పిన ఛార్జర్ కథ ఇక్కడ ఇలా బయటపడుతుంది. పవర్ ప్లాన్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతం ఉంటే టర్బో మొత్తం ఆగిపోతుంది. ల్యాప్‌టాప్ చల్లగా ఉండాలని ఎవరో ఈ చిట్కా పాటించి ఉంటారు, కాబట్టి పెర్ఫార్మెన్స్ అంకె 100 దాటడమే లేదంటే మొదట చూడాల్సింది అక్కడే. విండోస్ పెర్ఫార్మెన్స్ రికార్డర్‌తో పట్టి అనలైజర్‌లో చూసే ప్రాసెసర్ ఫ్రీక్వెన్సీ గ్రాఫ్ అందంగా ఉంటుంది కానీ, హెచ్‌డబ్ల్యూపీ మెషిన్లలో దాన్నొక్కదాన్నే ఆధారంగా పెట్టుకోకండి.

వర్చువల్ మెషిన్లలో

క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న మామూలు వర్చువల్ మెషిన్‌లో పై టూల్స్ చాలావరకు చేతులెత్తేస్తాయి. ఏపెర్ఫ్, ఎంపెర్ఫ్ గెస్టుకు (వర్చువల్ మెషిన్ లోపలికి) సాధారణంగా కనిపించవు, పెర్ఫ్ స్టాట్‌లో సైకిల్స్ ఎదురుగా నాట్ సపోర్టెడ్ అని రావొచ్చు, సీపీయూఇన్ఫోలో కదలని అంకె ఒకటి ఉంటుంది. బేర్ మెటల్ ఇన్‌స్టెన్స్ (పూర్తి అసలు మెషినే) తీసుకుంటే అన్నీ పనిచేస్తాయి. ఆ ఖర్చు వద్దనుకుంటే ఫ్రీక్వెన్సీని నేరుగా కొలిచే ఆశ వదులుకుని, ఎప్పుడూ ఒకే పని చేసే చిన్న లూపు ఒకటి పెట్టి అది ఎన్ని మిల్లీసెకన్లలో ముగుస్తోందో రాసుకుంటూ పోండి. దాంతోపాటు టాప్‌లో ఎస్‌టీ (స్టీల్, మన వంతు వేరే మెషిన్లకు పోయిన టైము) అంకె కూడా నోట్ చేయండి. లూపు నెమ్మదించినప్పుడు ఎస్‌టీ పెరిగిందా లేదా చూస్తే, పక్క మెషిన్ టైము తినేసిందో, స్పీడే తగ్గిందో కొంతవరకు విడదీయొచ్చు.